మా ఇస్త్రీ అక్క ఓటు

మా తోడికోడలిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు గానీ, పెళ్లై ఈ ఇంట్లో అడుగుపెట్టిన వారం నుంచీ ఇదే మంట. నేను అక్కా అని పిలుస్తాను. వీధంతా ఇస్త్రీ అక్క అంటుంది. మా బావగారు పోయాక ముందుగదిలో బల్ల వేసుకుని, దాని మీద పాత దుప్పటి పరిచి ఇస్త్రీ పని మొదలుపెట్టింది. ఇల్లు ఒకటే, తలుపు నంబరూ ఒకటే. మధ్యలో గోడ లేపి చెరి సగం చేసుకున్నాం. గోడకి అటు ఆవిడ ఇస్త్రీ బల్ల, ఇటు నా కుట్టుమిషను.

పనిలో వంక పెడదామంటే దొరకదు, అదే నా ఏడుపు. కాలరు చూసి చొక్కా ఎవరిదో చెప్పేస్తుంది. ఎవరి మోచేతి దగ్గర బట్ట పలచబడిందో, ఎవరు చిక్కిపోయి నడుం దగ్గర పిన్నీసు పెట్టుకుంటున్నారో ఆవిడకి తెలుసు. చిరుగు కనిపిస్తే మా చెల్లెలి దగ్గర కుట్టించుకోండి అని నా దగ్గరికే పంపుతుంది. నా మిషను సగం నడిచేది ఆవిడ పంపిన బట్టలతోనే. అది తలుచుకుంటే ఇంకా కడుపు మండుతుంది.

ఇక ఓట్ల రోజు వచ్చిందంటే ఆవిడని పట్టలేం. ఆ ముందురోజే వీధి మొత్తానికి బట్టలు ఇస్త్రీ చేసి ఇచ్చేస్తుంది. ఎవరి ఓటరు చీటీ వాళ్ల చొక్కా జేబులో మడిచి పెట్టి, ఏ గదికి వెళ్లాలో పెన్సిలుతో రాసి మరీ ఇస్తుంది. పొద్దున్నే అందరూ మడత నలగని బట్టలు వేసుకుని ఆవిడ గుమ్మం ముందుకి చేరతారు. అక్కడినుంచి కబుర్లు చెప్పుకుంటూ ఓట్లు వేసే బడి దాకా నడక. ఆ ఏడాది కొత్తగా ఓటు వచ్చిన వాళ్లని అందరికంటే ముందు నడిపిస్తారు. చెయ్యి పట్టుకుని నడిపించేది మాత్రం అక్కే. ఓటేసి బయటికి రాగానే వీధంతా చప్పట్లు. ఆ తర్వాత ఆవిడ అరుగు మీద టీలు, బన్నులు, ఎవరి వేలి మీద సిరా నల్లగా పడిందని వేళాకోళాలు. మా ఆయన, అంటే ఆవిడ మరిది, గ్లాసులు కడుగుతాడు. నా ఇంట్లో ఒక్కనాడైనా గ్లాసు ముట్టుకున్న పాపాన పోలేదు.

ఈసారి కొత్త ఓటు మా అమ్మాయిది. నా కూతురి చెయ్యి నేనే పట్టుకుని నడిపించాలని ఎప్పటినుంచో ఆశ. తీరా చూస్తే, ఓటుకి దరఖాస్తు ఎప్పుడు పెడదామని నేనడిగేసరికి, అదెప్పుడో పెద్దమ్మ ఇస్త్రీ బల్ల మీదే నింపేశామమ్మా అంది. ఫోటో కూడా ఆవిడే దగ్గరుండి తీయించిందట. కన్నతల్లిని, పక్కగదిలోనే ఉన్నాను, నాకు మాట మాత్రం చెప్పలేదు. ఆ పూట అన్నం సయించలేదు నాకు.

సరిగ్గా ఆ మర్నాడే ఓటర్ల పేర్లు సరిచూసే మాస్టారు వచ్చాడు. అక్క బట్టల మూటలు ఇవ్వడానికి వెళ్లింది, తాళం వేసి ఉంది. జాబితాలో అక్క పేరు చూపించి, ఈ నంబరు ఇంట్లో ఈవిడ ఉంటున్నారా అని నన్నడిగాడు. లేదండీ, ఎప్పుడో వెళ్లిపోయింది అన్నాను. నోరు జారింది అని చెప్పుకోను, కావాలనే అన్నాను. ఓ రెండు రోజులు ఆఫీసు చుట్టూ తిరగనీ, కాస్త అణుగుతుంది అనుకున్నాను. మాస్టారు ఏదో గీసుకుని వెళ్లిపోయాడు. అక్క ఏమీ అనలేదు. పేరు మళ్లీ రాయించుకునే ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. కనుక్కోవడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

ఆ పైన నా పంతం ఇంకో మెట్టు ఎక్కింది. ఈసారి టీలు మా ఇంట్లోనే అని ఇంటింటికీ వెళ్లి చెప్పాను. అక్క మంచిదేగా అంది. కనీసం ముఖమైనా మాడ్చుకోలేదు.

ఓట్ల రోజు అందరం కలిసి బయల్దేరాం. ఎప్పట్లాగే మా అమ్మాయి చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది. బడి గేటు దగ్గర అక్క ఆగింది. అమ్మాయి చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు తీసుకెళ్లు. నేనిక్కడే ఉంటాను."

ఎన్నాళ్లుగానో కోరుకున్న చెయ్యి నా చేతిలో ఉంది, దాన్ని పట్టుకోవడానికే భయం వేసింది. లోపలికి వెళ్లాం, ఓట్లేశాం. బయటికి రాగానే చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి సిరా వేలు పైకెత్తుకుని నన్ను దాటుకుని పెద్దమ్మ దగ్గరికే పరిగెత్తింది. నీ వేలేది పెద్దమ్మా అని అడిగితే, ఈసారి నా పేరు రాలేదులే అంది ఆవిడ, చాలా మామూలుగా.

వీధి వీధంతా భగ్గుమంది. ఊరందరి చీటీలూ పంచే మనిషికి ఓటు లేకపోవడమేమిటన్నారు. మా ఇంట్లో టీ గ్లాసులు పట్టుకుని కూడా అదే గోల. ఇల్లు నాది, టీలు నావి, అందరూ చేరింది మాత్రం ఆవిడ చుట్టూనే. ఓటు పోయినా సరే, నలుగురి నోళ్లలో నానేది ఆవిడే. నిజం చెప్తున్నాను, నేను చేసిన పాపం బయటపడుతుందని భయపడుతూనే ఆ గదిలో ఆవిడని చూసి మళ్లీ కుళ్లుకున్నాను.

అంతలో ఎదురింటి బస్సు డ్రైవరు, ఆ మాస్టారు బడి దగ్గరే ఉన్నాడు, పిలుచుకొచ్చి నిలదీద్దాం అన్నాడు. నేను వెళ్తానంటూ మా అమ్మాయి చెప్పులు వేసుకుంది. అది గుమ్మం దాటితే అయిపోయింది నా పని. వేరేవాళ్ల నోటి నుంచి వినేకంటే నా నోటి నుంచే విననీ అనిపించింది.

"ఆగవే. ఆవిడ ఇక్కడ ఉండటం లేదని చెప్పింది నేనే."

అక్క గ్లాసు కింద పెట్టింది.

"నాకు తెలుసు," అంది. "ఆ వారమే మాస్టారు చెప్పారు. ఇక్కడే ఉంటున్నానని కాయితం రాసి, ఇదే ఇంట్లో వాళ్ల సంతకం ఒకటి పెట్టించి ఇమ్మన్నారు. రాసి పెట్టుకున్నాను. మరిదిని అడిగితే క్షణంలో పెట్టేవాడు. కానీ నువ్వు పెట్టాలని నాకు పంతం. నీ కుళ్లు నాకు ఇన్నేళ్లుగా తెలుసు, చూసీ చూడనట్టు పోయాను. ఈ ఒక్కసారికి నువ్వే వచ్చి చెప్తావేమోనని గడువు దాటేదాకా చూశాను."

ఇన్నాళ్లూ కోరుకున్నట్టే వీధంతా నా ఇంట్లో నిలబడి నన్నే చూస్తోంది. భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. ఆ కాయితం ఇప్పుడివ్వు అక్కా, పెడతాను అన్నాను. ఇప్పుడు దేనికి అని లేచి వెళ్లిపోయింది. ఒక్కొక్కరే గ్లాసులు పెట్టేసి కదిలారు. మా ఆయన నా వైపు చూడకుండా అవన్నీ పోగుచేసి కడగడానికి తీసుకెళ్లాడు.

మా అమ్మాయి పెద్దమ్మ వెనకే వెళ్లింది. తిరిగి రాలేదు. గోడ అవతల ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. నన్ను ఎంతలా తిట్టుకుంటున్నారోనని మిషను ఆపి గోడకి చెవి ఆనించాను. చాలాసేపు విన్నాను. చదువు సంగతి, చెప్పులు తెగిన సంగతి, ఏవేవో నవ్వులు. నా ఊసే ఎత్తలేదు.