నూలు రంగు పూసిన సిగ్గు

"మొగం ఇట్ల తిప్పుమే. రెండు బుగ్గలూ ఒకటే రకంగా రావాల" అంది అత్త.

"వద్దత్తా. నల్లగుండే పిల్లను నల్లగానే సూపించు. ఇష్టముంటే చేసుకుంటారు, లేకుంటే పోతారు."

"పోతే మళ్ళా పిల్చుకొచ్చేది ఎవురు, నువ్వా? మా పిల్ల బుగ్గలు ఊరికే కెంపెక్కతాయని నోరారా చెప్పొచ్చినాను. ఇప్పుడా మాట యాడ పెట్టుకోవాల?"

"అబద్ధం చెప్పింది నువ్వు, పూసుకునేది నేనా?"

"గమ్మునుండు. వాగితే రంగు నోట్లోకి పోతాది."

అత్తంటే నాయనకు చెల్లెలు. నగరిలో మా ఇంటి వెనక నాయన నూలుకు రంగులు అద్దేవాడు. పెండ్లిచూపులకు పుత్తూరు నుంచి మగ్గాలవాళ్ళు వస్తున్నారని, అత్త లేత రోజా రంగు తొట్టిలో పాతగుడ్డ ముంచి తెచ్చి నా బుగ్గల మీద అద్దింది. ఒక నూలు కట్టకు సరిపోయే రంగు దండగ.

ఆ రోజుల్లో మా ఇంట్లో మొహం ఎర్రబడడానికి రెండే కారణాలు, మిరపకాయలు దంచడం, ఎవరి మీదనైనా కోపం రావడం. సిగ్గుతో బుగ్గలు కెంపెక్కడం కథల్లో అమ్మాయిలకే జరిగేది. నేను మూడో తరగతితో బడి మానేసినా, అంగట్లో కందిపప్పు పొట్లం కట్టిచ్చిన వారపత్రిక కాగితాన్ని సాపు చేసి చదివేదాన్ని (పొట్లం కాగితం ఇప్పటికీ పారేయను). ఏ కాగితం విప్పినా ఎవరో ఒక పిల్ల చెక్కిళ్ళు గులాబీలయ్యేవి, కందిపోయేవి. నల్లపిల్లకు సిగ్గు వచ్చినట్టు ఒక్కరంటే ఒక్కరు రాయలేదు. మాకు సిగ్గు లేదనా వాళ్ళ ఉద్దేశం? మాకూ చెవులు కాలతాయి, మెడ వెనక చెమట పడుతుంది. దానికొక మాట పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. అదే నాయన తొట్ల దగ్గరైతే లేత రోజా, ముదురు రోజా, రాణి రంగు, కనకాంబరం, దానిమ్మ అని ఎన్ని పేర్లో. నూలుకున్న మర్యాద మనిషి మొహానికి లేదు.

సరే, వాళ్ళు వచ్చారు. పెండ్లికొడుకు చాప మీద కూర్చుని నేల చూస్తున్నాడు. నేను కాఫీ ఇస్తుంటే వాళ్ళమ్మ నా మొహం వైపు అదేపనిగా చూసింది. ఆమె పుట్టినప్పటి నుంచీ మగ్గాల మధ్యే ఉన్న మనిషి. "ఇట్ల రామ్మా" అని పిలిచి, భర్త భుజం మీది తెల్ల తువ్వాలు లాగి, కొసను చెంబులో తడిపి, నా బుగ్గ మీద అదిమి ఒక్క లాగు లాగింది. మగ్గాలవాళ్ళు రంగు నూలు కొనేముందు చేసే పరీక్ష అది. గుడ్డకు రంగు అంటితే కట్ట వెనక్కి తోసేస్తారు. అందరి ముందూ నన్నూ అట్లాగే వెనక్కి తోసేస్తుందని నాకు అర్థమైంది.

తువ్వాలు కొస అత్త ముందు పెట్టి, "లేత రోజా. రంగు దిగతా ఉండాది వదినా" అంది.

"ఎండకు కందిందేమో..." అంది అత్త, దూలాల వైపు చూస్తూ.

"ఎండకు కందిన మొగం తువ్వాలుకు అంటుకుంటాదా?"

గోడవార కూర్చున్న నాయన అప్పుడు లేచాడు. నన్ను వెనకేసుకొస్తాడనుకున్నాను. "నా రంగు దిగదమ్మా. నూలు మీద తడిపి సూడు, దిగితే అడుగు. అది మొగానికేసే రంగు కాదు" అన్నాడు. కూతురి సంబంధం పోతుంటే ఆయనకు రంగు పేరు పోతుందని బాధ.

ఇక నాకు ఆగలేదు. "నేను వద్దనే చెప్పినాను. నేను నలుపే. తువ్వాలంతా తడుపుకోండి, తుడిచి సూసుకోండి" అన్నాను.

ఆమె తుడిచింది కూడా, రెండు బుగ్గలూ. తుడిచి, తొట్టిలో నీళ్ళు కాగాయో లేదో చూసేటట్టు చేతిని తిప్పి, వెనకవైపు నా బుగ్గకు ఆనించింది. "కాలిపోతా ఉండాది. ఇది పూసింది కాదు. పిల్లకు సిగ్గు బాగానే ఉండాదిరా" అని కొడుకుతో అంది. ఆయన అప్పుడు తలెత్తి చూశాడు.

అది సిగ్గు కాదు, కోపం. ఇన్నేళ్ళుగా చెబుతున్నా ఒక్కరూ నమ్మరు. మా ఆయనైతే వచ్చిన చుట్టాలందరికీ "మా ఇంటామె సిగ్గు చేత్తో పట్టుకుని సూడాల" అని చెప్పి నవ్వేవాడు. (ఇప్పుడు మనవరాలు డబ్బా కొని మరీ రోజా పొడి బుగ్గలకు పూసుకుంటుంది. దాని మొహం మీద తువ్వాలు పెట్టేవాళ్ళే లేరు.) అయితే ఆయన తలెత్తి చూసినప్పుడు చెవులు కాలిన మాట నిజం. అది కూడా కోపమేనా అని నన్నడిగితే, ఈ వయసులో నేనేం చెప్పేది?

మరునాడు పొద్దున నేను బావి దగ్గర సున్నిపిండితో మొహం రుద్దుకుంటుంటే పుత్తూరు నుంచి మనిషి వచ్చి, తాంబూలాలకు రోజు చూడమని చెప్పాడు. రుద్దిన చోటల్లా రోజా మరకలు అట్లాగే ఉన్నాయి. ఆ మొహంతోనే వెళ్ళి, వచ్చిన మనిషికి మంచినీళ్ళిచ్చాను. నాయన నా బుగ్గ వైపు చూసి, "దిగలేదు, సూసినావా" అని తొట్ల దగ్గరకు వెళ్ళిపోయాడు.