ఆకలిగా ఉన్న చీతా కోసం ఒక ప్రార్థన మనవి

మా చిన్నప్పుడు ఆఫ్రికా గడ్డిమైదానం మా ముందు గదిలోనే ఉండేది... తర్లుపాడులో, స్టూలు మీద పెట్టిన టీవీలో. కాన్వెంటు నుంచి రాగానే యూనిఫాం కూడా మార్చకుండా దాని ముందు కూర్చునేదాన్ని. జింక తప్పించుకోవాలనే ఎప్పుడూ కోరుకునేదాన్ని.

ఒకరోజు ఒక తల్లి చీతాను చూపించారు. మూడు కూనలు. నాలుగు రోజులుగా వేట దొరకలేదు. పరిగెత్తి పరిగెత్తి, డొక్కలు ఎగరేస్తూ ఉత్త నోటితో తిరిగొచ్చింది. కూనలు దాని మూతి నాకి చూశాయి... అప్పుడే కరెంటు పోయింది.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం మా ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూడిక. ఎవరి మనవి వాళ్ళు చెప్పాలి. నా వంతు వస్తే ఎప్పుడూ తల దించుకునేదాన్ని. ఆ రోజు మాత్రం నోరు తెరిచాను.

"ఒక తల్లి... ముగ్గురు పిల్లలు. నాలుగు దినాల నుంచి తిండి లేదు. వాళ్ళ కోసం..."

అని మళ్ళీ తల దించుకున్నాను.

ఒక్కొక్కరి చూపే గోడ వారన కూర్చున్న రూతు పిన్ని మీదికి పోయింది. పలకల గని మూతపడి వాళ్ళాయనకు పని లేదు. ఆమెకూ ముగ్గురు పిల్లలే. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"ఒక మాట చెప్పొద్దా రూతూ? మేమేమన్నా పరాయోళ్ళమా?" అంది మార్తమ్మత్త.

"నేనెవరితో ఏమీ అన్లేదు వదినా..." పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా అవ్వ అప్పటికే బియ్యం డబ్బా తెచ్చింది. వండే ప్రతిసారీ దేవుడి పేరు మీద గుప్పెడు తీసి దాచే బియ్యం అవి.

నేను నిజం చెబితే ఆ బియ్యం ఆగిపోతాయి. చెప్పకపోతే పిన్ని తలెత్తుకోలేదు.

"పిన్ని కాదవ్వా... చీతా పులి. టీవీలో."

గదంతా నవ్వు.

"మన దోర్నాల అడివిలో పులులు సాలవని ఆఫ్రికా దాకా పోయినావా పాపా!" అంది మార్తమ్మత్త. పిన్ని అందరికన్నా గట్టిగా నవ్వింది... కళ్ళు తుడుచుకుంటూ.

అవ్వ నవ్వలేదు. కళ్ళు మూసుకుని, "తండ్రీ, దానికీ బిడ్డలున్నాయి..." అని మొదలుపెట్టింది.

"మరి జింకకు బిడ్డలు లేవా ఏంది?" అని ఎవరో గొణిగారు.

"దాని సంగతీ ఆయనే చూసుకుంటాడు. మీరు ముందు కండ్లు మూసుకోండి."

అందరూ వెళ్ళాక అవ్వ ఆ బియ్యం సంచిలో పోసి నా చేతికిచ్చింది. "రూతు ఇంటికాడ ఇచ్చి రాపో. ఏంది ఇట్ల అంటే, పులికి పంపినారని చెప్పు."

అట్లాగే చెప్పాను. పిన్ని గడపలోనే సంచి అందుకుంది.

"దానికి తిండి దొరికిందా పాపా?"

నాకు తెలియదు.

"దొరికింది పిన్నీ" అన్నాను.

ఇప్పుడు ఫోనులో అరనిమిషంలో వేట అయిపోతోంది... పట్టుకోవడం చూస్తాం, వేలితో పైకి తోసేస్తాం. ఆ తల్లి ఎన్నాళ్ళుగా పస్తులుందో ఎవరూ చెప్పరు. తర్వాత ఏమైందని నన్ను అడిగేవాళ్ళూ లేరు.

తెర మీద కనిపించిన ప్రాణి కోసం మీరూ ఎప్పుడైనా దేవుణ్ణి అడిగారా? పులి వైపా, జింక వైపా... సిగ్గుపడకుండా చెప్పండి.