కూత ఆపేసిన కారు

మా ఆయన పోయాక కారు నేనే నడుపుతున్నాను. వానలు మొదలైన దగ్గర్నుంచి రివర్స్ గేరు వేస్తే చాలు, వెనక ఏమీ లేకపోయినా పార్కింగ్ సెన్సర్ కీ కీ అని ఒకటే గోల. భుయ్యాడీహ్‌లో మా సందు ఇరుకు, కారు రివర్స్‌లోనే తీసుకెళ్లాలి. రోజూ సాయంత్రం ఆ గోలకి సందంతా నన్ను తిట్టుకుంటోందేమోనని సిగ్గుపడేదాన్ని.

ఈ రోజు బిష్టుపూర్‌లో ఆఫీసు అయ్యాక మెకానిక్ దగ్గర ఆగాను. "తార్ నికాల్ దూఁ, మేడమ్?" అన్నాడు. తీసెయ్యమన్నాను. డిక్కీ తెరిచి ఒక వైరు ఊడదీశాడు, అంతే.

ఇంటికొచ్చి, అద్దాల్లో చూసుకుంటూ చప్పుడు లేకుండా కారు పెట్టాను. ప్రాణం హాయిగా ఉంది. లోపలికెళ్లి ఒక్కదానికి సరిపడా బియ్యం కడుగుతుంటే ఎవరో తలుపు కొట్టారు. ఎదురింటి పార్వతమ్మ గారు. మోకాళ్ల నొప్పులతో గడప దాటని మనిషి, గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏటమ్మా, ఈయేల నీ కారు కూయనేదు? నువ్వింకా రానేదని కంగారుపడ్డాను. లైటు ఎలిగితే చూసొద్దామని వచ్చినాను. రోజూ ఆ కూత ఇన్నాకే కదా నేను తలుపేసుకుంతాను!"

నేను ఇల్లు చేరానో లేదో చూసేవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరనుకున్నాను ఇన్నాళ్లూ. ఆవిడని లోపల కూర్చోబెట్టి టీ పెట్టాను.

మీరే చెప్పండి. ఆ వైరు మళ్లీ పెట్టించనా, లేక రోజూ రాగానే వెళ్లి ఆవిడ తలుపు కొట్టనా?