బీరువాలో పెట్టిన మోటరు

కార్తీక మాసం, ఆదివారం. మదనపల్లెలో మా ఇల్లు. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, మా అక్క, కుప్పం నుంచి వచ్చిన అక్క కూతురు. ఆ రోజు డైరీలో చేపను కూడా చేర్చాను. అందరం కూడింది దాని కోసమే.

ఆ చేప మా బావది. పుంగనూరు బస్టాండు దగ్గర ఆయనకు పాల డిపో ఉండేది. కూతురు కుప్పంలో గ్రానైటు కంపెనీ ఆఫీసులో చేరిన కొత్తలో, మొదటి జీతంతో బెంగళూరులో ఒక ఎర్ర చేపను కొని, నీళ్లు పోసిన కవరును ఒళ్లో పెట్టుకుని రైల్లో తెచ్చింది. అప్పుడది బొటనవేలంత. బావ చేతిలో అరచేయంత అయింది. డిపో మూసి ఇంటికొచ్చాక ఆయన తొట్టి ముందు కూర్చుని నీళ్లలో వేలు పెట్టేవాడు. అది వచ్చి వేలి కొస చప్పరించేది. "పాల వాసనకు వస్తాండాదప్పా, నా మొగం జూసి కాదు" అని నవ్వేవాడు.

బావ సంవత్సరీకం అయిపోయాక అక్క పుంగనూరు ఇల్లు అద్దెకిచ్చి మా దగ్గరికి వచ్చింది. సామానంతా అక్కడే వదిలి, చేపల తొట్టిని, దాని కింద ఉండే నడుమెత్తు చెక్క బీరువాను మాత్రం ఆటోలో వేయించుకుని వచ్చింది. బీరువాలో బావ అంగీలు, పంచెలు ఉన్నాయి. దాని బీగం చెవి ఎప్పుడూ అక్క నడుముకే వేలాడేది. అది తెరవమని మేం అడగలేదు. తెరిచినప్పుడు ఆ గదిలో ఉండేవాళ్లమూ కాదు.

తొట్టిలోకి గాలి పంపడానికి సబ్బుపెట్టె అంత మోటరు ఒకటి ఉంది. చుట్టూ ఉన్న గాలిని పీల్చి, సన్నని గొట్టం గుండా నీళ్ల అడుగున ఉన్న రాయికి పంపుతుంది. రాయి నుంచి బుడగలు లేస్తాయి. పుంగనూరులో అది కిటికీ గట్టు మీద ఉండేదట. మా హాలు చిన్నది కావడంతో దాని చప్పుడు పెద్దగా వినిపించింది. మొదటి రోజే నా భార్య కాఫీ అందిస్తూ నవ్వింది.

"వదినా, ఇంట్లో రైసుమిల్లు పెట్టినట్టుండాది గదా! వీధిలో వాళ్లను వడ్లు తెచ్చుకోమని సెప్దామా?"

అక్క కూడా నవ్వింది. మరుసటి రోజుకు చప్పుడు లేదు. మోటరును బీరువాలో పెట్టి, వెనక చెక్కకున్న రంధ్రంలోంచి గొట్టాన్ని, వైరును బయటికి తీసింది. "నేనొచ్చి మీ నిద్ర సెరపడం యాలప్పా" అంది. ఇల్లు నిశ్శబ్దమైనందుకు మేం సంతోషించాం.

వానలు వెనకపట్టాక తొట్టి దగ్గర వాసన మొదలైంది. ఘాటుగా, కొంచెం తియ్యగా ఉండేది. ఎక్కడో ఎరిగిన వాసనే అనిపించేది కానీ, పాచి వాసనతో, చేపమేత వాసనతో కలిసిపోయి పట్టు దొరికేది కాదు.

"తొట్టి కంపు కొడతాండాది వదినా" అంది నా భార్య.

అక్క ముఖం మారింది. "కంపనొద్దమ్మా. ఆయన సాకిన సేపకు కంపేంది? నాకేం వాసన రాలేదే."

అదే వారం చేప పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగడం మొదలుపెట్టింది. మేత ముట్టలేదు. అక్క నా గది గుమ్మం దగ్గర నిలబడింది. నా దగ్గర ఏదీ నోరు తెరిచి అడగని మనిషి, "దాన్నొక్కదాన్ని బతికించప్పా" అంది.

నేను వరసగా వెతుక్కుంటూ పోయాను. నీళ్లు మార్చాను. ఫిల్టరు స్పాంజిని పిండి కడిగాను. గులకరాళ్లు ఎండబెట్టాను. మేత డబ్బా పారేసి కొత్తది తెచ్చాను. ఏది చేసినా డైరీలో రాసుకున్నాను. "రాసుకుంటే వాసన పోతాదా, ముక్కుతో సూడండి" అని నా భార్య దెప్పింది. ఆ మాట పట్టుకుని, గాలి రాయిని నీళ్లలోంచి బయటికి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన గుప్పుమంది. అంటే వాసన నీళ్లది కాదు, గాలిది. మోటరు కాలిపోతోందని తేల్చుకున్నాను. బజారుకు వెళ్లి కొత్త మోటరు, కొత్త గొట్టం తెచ్చి అక్క చేతికిచ్చి, నా గదిలోకి వెళ్లిపోయాను. అక్క బీరువా తెరిచి, పాతది తీసి కొత్తది పెట్టి, మళ్లీ బీగం వేసింది.

వాసన తగ్గలేదు. మోటరు దాకా వచ్చినవాణ్ణి, అది పీల్చే గాలి ఎక్కడిదని ఆలోచించలేదు. ఆలోచించినా, "బీరువా తెరువక్కా" అనడానికి నాకు నోరు వచ్చేది కాదేమో.

ఆదివారం మధ్యాహ్నం మేనకోడలు కుప్పం నుంచి దిగింది. చెప్పులు విడిచి నేరుగా తొట్టి మీదికి వంగింది. తలెత్తి నన్ను చూసింది.

"మామా, ఇది నాయన అంగీల వాసన గదా?"

"ఏం మాట్లాడతాండావే?" అంది అక్క.

"పెండ్లిండ్లకు పోయేటప్పుడు పెట్టెలోంచి తీసి ఏసుకునేటోడే, ఆ అంగీల వాసన. కలరా ఉండలు. అమ్మా, మోటరు యాడ పెట్టినావు?"

అక్క చెయ్యి నడుము మీదికి పోయింది. బీగం తీసింది. మడతలు నలగని అంగీలు, వాటి మధ్య బట్టలకు పురుగు పట్టకుండా వేసే తెల్లని ఉండలు, ఆ పక్కనే వాటి ఘాటును పీలుస్తూ ఆడుతున్న మోటరు. బట్టల దగ్గర ఎప్పుడూ ఎరిగిన వాసనను నీళ్ల దగ్గర నేను గుర్తుపట్టలేకపోయాను.

"వానలకు సెమ్మ పట్టినాయని కొత్త ఉండలు ఏస్తిని," అంది అక్క మెల్లగా. "నాకు అది వాసన మాదిరే లేదు. బీరువా తెరిస్తే ఆయన ఉన్నట్టుండాదని..."

కోడలు మోటరును తీసి బీరువా మీద పెట్టింది. గొట్టం, రాయి మార్చాం. నీళ్లు మార్చాం. హాలంతా మళ్లీ చప్పుడు నిండింది. సాయంత్రానికి చేప ఒకసారి అడుగుకు దిగింది. అక్క నీళ్లలో వేలు పెట్టింది. అది రాలేదు.

"నీ వేలికి పాల వాసన లేదు గదమ్మా" అని కోడలు నవ్వించబోయింది. అక్క లేచి వంటింట్లోకి వెళ్లి, పాలగిన్నెలో వేలు ముంచుకుని వచ్చింది. చేప కొంచెం కదిలి, ఆగిపోయింది.

మరుసటి రోజు పొద్దున చేప పక్కకు వాలి నీళ్ల మీద తేలుతోంది. అందరికంటే ముందు ఏడ్చింది నా భార్య. "నేనా పొద్దు మిల్లనకుండా ఉంటే..." అంది.

"నువ్వు నవ్వులాటకంటివి. నేనూ నవ్వితిని గదమ్మా" అంది అక్క.

చేపను పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పాతిపెట్టాం. చేతులు కడుక్కొని అక్క బీరువా తెరిచింది. ఉండలన్నీ ఏరి పేపర్లో చుట్టి కూతురి చేతికిచ్చింది. "బయట పారెయ్యి పో."

"అంగీలకు పురుగు పడతాది గదక్కా" అన్నాను.

"తింటే తిననీలేరా."

తలుపు దగ్గరికి వేసింది కానీ బీగం వేయలేదు. మోటరు ఆపమంటావా అని అడిగాను. చేప లేని తొట్టిలో లేస్తున్న బుడగలను కాసేపు చూసి, "ఉండనీ, మోగనీ" అంది. నా భార్య కాఫీ తెచ్చింది. ఆ చప్పుడులోనే తాగాం.