మస్తాన్ గారి దుర్భిణి

అది 1964 జనవరి, రంజాన్ నెల. గుంటూరు బ్రాడీపేటలో మా కళ్ళద్దాల దుకాణానికి వినుకొండ దగ్గర పల్లె నుంచి మస్తాన్ గారనే మిరప రైతు వచ్చారు. అరవై దాటిన మనిషి. వెంట కూతురు సైదాబీ, ఆమె చేతిలో గుడ్డ చుట్టిన పొడవాటి గొట్టం. మద్రాసు హార్బరులో పనిచేసే అల్లుడు కొనిచ్చిన చిన్న టెలిస్కోపు అది. టీ తెప్పించబోతే ఒక్కపొద్దులో ఉన్నామన్నారు.

"ఈ దుర్భిణిలో ఏమీ ఆనట్లేదండీ. పవరు చాలట్లేదు. ఇంకా గట్టి అద్దం ఉంటే ఇప్పించండి" అంటూ మస్తాన్ గారు మూడు ఐపీసులు బల్ల మీద పెట్టారు.

ఐపీస్ అంటే కన్ను ఆనించే చోట బిగించే చిన్న అద్దాల డబ్బీ. దాన్ని మారిస్తే బొమ్మ పరిమాణం మారుతుంది. అంతవరకే నాకు తెలుసు. వాటి మీద 6, 12, 25 అని అంకెలున్నాయి. కళ్ళద్దాల్లో అంకె పెరిగితే పవరు పెరుగుతుంది. అదే లెక్కన 25 బిగించి, మేడ మీదికెక్కి పత్తి మిల్లు పొగగొట్టం వైపు తిప్పాను. గొట్టం చిన్నదిగా, తలకిందులుగా కనపడింది. 6 వేస్తే అసలు దొరకలేదు. దొరికాక చూస్తే పెద్దదే, కానీ మసక. గాలికి ఊగిపోతోంది. నాకు మతిపోయింది.

కిందికొచ్చి చదువుకున్ననాటి పుస్తకం తీశాను. ఐపీసు మీది అంకె ఫోకల్ లెంగ్త్, అంటే అద్దానికీ వెలుగు కూడే చోటికీ మధ్య దూరం. అది తగ్గేకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది, వెలుగూ కనపడే మేరా తగ్గిపోతాయి. ఆకాశం చూసే టెలిస్కోపులో బొమ్మ తలకిందులుగానే వస్తుందట. అప్పటికి గాని దేనికేది వాడాలో అడగాలని తోచలేదు.

"ఇంతకీ దీంతో ఏం చూడాలండీ?"

ఆయన కూతురి వైపు చూశారు. సైదాబీయే చెప్పింది.

"నెలవంకండీ. మా ఊళ్ళో నెల కనపడిందని చెప్పేది నాయనే. పోయినేడు కనపడలేదన్నాడు. పక్క ఊళ్ళో చూశారంట, వాళ్ళు పండగ చేసుకున్నారు. పండగ నాడు మా ఊరంతా ఒక్కపొద్దుంది. అప్పట్నుంచి నాయనకి నిద్దర లేదు."

పండగ రోజున ఉపవాసం ఉండకూడదని నాకూ తెలుసు.

"అయితే 25 చాలండీ. ఆకాశం ఎక్కువ మేర కనపడుతుంది, వెతకడం తేలిక" అని మేడ మీదికి తీసుకెళ్ళాను. ఆయన చూసి తల అడ్డంగా ఊపారు. 12 వేశాను. అదే మాట. నాకు స్పష్టంగా కనపడేది ఆయనకెందుకు కనపడదు? ఐపీసు తుడిచాను, బిగించాను, మళ్ళీ తుడిచాను. రోజూ కళ్ళు చూసే వాణ్ణి, ఆయన కన్ను చూడాలని చివరికి తట్టింది. టార్చి వేస్తే కుడికంట్లో శుక్లం తెల్లగా ముదిరి ఉంది. ఎడమకంట్లో పొర పలచగా ఉంది. ఆయనేమో అలవాటుగా ఎడమకన్ను మూసి కుడికంటితో చూస్తున్నారు.

"ఈ కంటితో చూడండి."

చాలాసేపు చూశారు. "గొట్టముంది. తిరగబడింది" అన్నారు మెల్లిగా. ఆపరేషను సంగతి చెబితే, "ముందు పండగ కానివ్వండి. మీరూ రావాలి" అన్నారు.

ఫిబ్రవరిలో నెలపొడుపు చూసే సాయంత్రం వెళ్ళాను. మిరపకాయలు ఎండే కళ్ళంలో ఊరు చేరింది. ఆ ఘాటుకు నా కళ్ళే నీళ్ళు కారుతున్నాయి. దుర్భిణిలోంచి ఎండ పడితే కన్ను పోతుందని, సూర్యుడు పూర్తిగా దిగేదాకా గొట్టానికి మూత తీయనివ్వలేదు నేను. తర్వాత 25 బిగించి పడమటి కొండల మీదుగా మెల్లగా తిప్పుతుంటే సన్నటి వెంట్రుకలా ఏదో తగిలింది. మస్తాన్ గారు ఎడమకన్ను ఆనించారు.

"కొమ్ములు కిందికున్నాయే. చంద్రుడు అట్టా ఉండడు."

"తిరగేసి చూపిస్తుందండీ, ఆ రోజు పొగగొట్టం లాగే."

"మీ కంట్లో నీళ్ళు, నా కంట్లో పొర. ఇద్దరం ఏం చూశామో ఎట్టా చెప్పేది?"

సైదాబీ గొట్టం వెంబడే చూపు సారించి, వేలు చాపింది. "నాయనా, ఆ కొండ కొన మీద చూడు. ఉత్త కళ్ళకే ఆనుతోంది." పక్కనున్న వాళ్ళు ఒక్కొక్కరే ఆ వేలు వెంట చూశారు. ఉందన్నారు. ఆయన ఎంత చూసినా వట్టి కంటికి ఆనలేదు. జనం వైపు తిరిగి, అందరికీ వినపడేలా చెప్పారు.

"వట్టి కంటికి నాకు కనపడలేదు. మా సైదాకి కనపడింది, వీళ్ళకి కనపడింది. రేపు పండగ."

సైదాబీ ఆయన చెయ్యి పట్టుకుంది.

ఎండలు ముదరకముందే ఆయన ఆపరేషను చేయించుకున్నారు. దుర్భిణిలో ఆయన నిజంగా నెలవంకను చూశారో, కంటి పొర మీది మెరుపునే నెలవంకనుకున్నారో నేను అడగలేదు. ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ తర్వాత మాత్రం, ఇంకా పవరు కావాలని ఎవరొచ్చినా అద్దాల పెట్టె తెరవడానికి తొందరపడలేదు. ఏం చూడాలనుకుంటున్నారో అడిగి, ముందు కన్ను చూసేవాణ్ణి.