చచ్చినవాళ్లను ఎక్కించుకున్న డింగీ

దానయ్యకు చుక్కాని పట్టడం తప్ప మరో సరదా లేదు. శ్రీకాకుళం తీరం నుంచి తండ్రితో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది మొదలు అదే పని. మోకాళ్లు మొరాయించాక అల్లుడు కన్నబాబు పడవ తీసుకుని, "నువ్వు ఒడ్డున కూకో మామా" అన్నాడు. ఒడ్డున కూర్చోవడం ఎలాగో మాత్రం ఆయనకెవరూ నేర్పలేదు. డిగ్నాబాద్ పేటలో ఇంటి ముందు నిలబడి, అడగని ఆటోవాళ్లకు కూడా దారి చెప్పేవాడు.

అందుకే స్కూల్లో నాటకాలాడించే ఫణికుమార్ మాస్టారు వచ్చి, బీచ్‌లో నాటకం వేస్తున్నాం, డింగీ పడవ నడపాలి, బాగా కుదిరితే ప్రతి ప్రదర్శనకూ నువ్వే అనేసరికి ఆయన ప్రాణం లేచి వచ్చింది.

మాస్టారు కథ చెప్పాడు. తెల్లదొరల కాలం. యుద్ధానికి ఒక దీవిలో దిగిన సిపాయిలు అక్కడివాళ్ల బాణాలకు చిక్కుకుపోతారు. వాళ్లను తీసుకుపోవడానికి యుద్ధనౌక నుంచి డింగీ వస్తుంది.

"అయితే మనం ఎవలికాసి మాస్టారూ?"

"ఎవరి వైపూ కాదు. రెస్క్యూ చేసే వైపు."

"దీవి బాణాలోలది గదా. తుపాకులోలిని మనం కాపాడతామేటి?"

"అరే భయ్యా, హిస్టరీ అది! జైసా హై వైసా, ఉన్నదున్నట్టు చూపించాలి."

దానయ్య బుర్ర గోక్కున్నాడు. ఇంట్లో భార్య అసిరమ్మను అడిగితే, "ఆ గొడవ నీకెందుకయ్యా, సుక్కాని దొరికింది గదా" అంది. అదీ నిజమే. కానీ మనసు కుదుటపడలేదు.

రిహార్సల్స్ అన్నీ స్కూలు గ్రౌండ్‌లోనే జరిగాయి. ముగ్గుతో గీసిన సముద్రంలో దానయ్య గంభీరంగా నడుచుకుంటూ వెళ్లి సిపాయిలను ఎక్కించుకొచ్చేవాడు. ఒక్క తప్పు లేదు.

అసలు రోజున పౌడరు పూసుకున్న సిపాయిలు ఒడ్డున రుమాళ్లు ఊపుతున్నారు. దీవివాళ్ల వేషంలో ఉన్న చక్రి, రాజ్‌కిరణ్ గుండు దెబ్బలు తిని అలల్లో బోర్లా పడి తేలుతున్నారు. నీళ్లలో మనిషి కనిపిస్తే, బతికున్నా పీనుగైనా, వల వదిలేసైనా సరే, ఒడ్డుకు చేర్చాలి. వాళ్ల వాడలో పుట్టినవాడెవడూ దాటుకుపోడు. నాటకమని దానయ్యకు తెలుసు. చేతికి తెలియలేదు. చుక్కాని తిరిగిపోయింది.

"మామా, నేను చచ్చిపోయాను, వదిలెయ్!" చక్రి గొణిగాడు.

"సచ్చినా ఎక్కాల్సిందే!" అంటూ జబ్బ పట్టి లాగాడు. తర్వాత రాజ్‌కిరణ్‌ను. డింగీ నిండిపోయింది. ఒడ్డు తగలగానే ఏం చేయాలో తోచని సిపాయిలు తుపాకులు కింద పడేసి, తాము చంపినవాళ్లను దింపడానికి చేతులందించారు. జనం చప్పట్లు కొట్టారు. కథ ఇంతే కాబోలు అనుకున్నారు పాపం.

మాస్టారి మొహం కందగడ్డైంది. "ఎవర్ని కాపాడమన్నాను, ఎవర్ని కాపాడావ్?"

"నీటిలో ఉన్నోలిని బాబూ."

"ఇక చుక్కాని ముట్టుకోకు!"

దానయ్యకు ఏడుపొచ్చింది. తన తప్పేమిటో అర్థం కాలేదు, చుక్కాని పోయిందని మాత్రం అర్థమైంది. మళ్లీ ఆటోలకు దారి చెప్పడం మొదలుపెట్టాడు.

రెండో ప్రదర్శనకు మరో మనిషిని పెట్టారు. అయితే ఆ రోజు అలలు కాస్త గట్టిగా ఉన్నాయి. "దానయ్య మామ ఉంటేనే నీళ్లలో చస్తాం సార్, లేకపోతే ఇసుకలోనే" అని చక్రి, రాజ్‌కిరణ్ భీష్మించుకు కూర్చున్నారు. చేసేది లేక మాస్టారే స్కూటర్ వేసుకుని డిగ్నాబాద్ వచ్చాడు.

దానయ్య తువ్వాలు భుజాన వేసుకుని గబగబా లేచాడు. గుమ్మం దాటబోయి ఆగిపోయాడు.

"మాస్టారూ, ఈపాలి ఎవలిని ఎక్కించుకోవాల?"

ఫణికుమార్ స్కూటర్ స్టార్ట్ చేశాడు.

"పెద్ద డింగీ తెప్పించాను, పద" అన్నాడు.