ట్రయల్ బాబాయి, ఒంటిచేతి కోటు

మా బాబాయి ట్రయల్ వెయ్యకుండా ఏ పనీ చేసేవాడు కాదు. టైలరు కాబట్టి బట్టలకు ట్రయల్ వెయ్యడంలో వింతేమీ లేదు. కచ్చా కుట్టు వేసి, మనిషికి తొడిగి, సుద్దముక్కతో గీతలు గీసి, విప్పి, అప్పుడు మిషను మీద కుట్టడం ఆ వృత్తిలో అందరూ చేసేదే. కాకపోతే మా బాబాయి ఆ అలవాటును దుకాణంలో వదిలి ఇంటికి రాలేకపోయాడు. బతుకంతటికీ ముందొక కచ్చా కుట్టు వేసుకునేవాడు. ఊళ్ళో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ట్రయల్ మాస్టారు, నాకు ట్రయల్ బాబాయి.

పన్ను పీకించుకోవాలంటే ముందురోజే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాడు. కుర్చీలో కూర్చుని, నోరు తెరిచి, పట్టకారు దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టి, టక్కున లేచేవాడు.

“ఎక్కడికండీ?” అనేవాడు డాక్టరు.

“ఇవాళ ట్రయలండీ. బాగా వచ్చింది. రేపు అసలుకి వస్తాను.”

రైలు ప్రయాణమైతే ముందురోజు పెట్టే బేడా, పిన్నితో సహా స్టేషనుకు వెళ్ళి, ఆ రైలు వచ్చి వెళ్ళిపోయేదాకా బల్లమీద కూర్చుని ఇంటికొచ్చేవాడు. “ఈయన్ని కట్టుకున్నాక నేను ఎక్కిన రైళ్ళకన్నా సాగనంపిన రైళ్ళే ఎక్కువ” అనేది పిన్ని. ఒకసారి ట్రయల్ రోజున రైలు ఠంచనుగా వచ్చింది. అసలు రోజున రద్దయింది. పిన్ని ఆ ముక్క ఏళ్ళ తరబడి దెప్పింది. బాబాయి చెక్కు చెదరలేదు.

“చూశావా మరి? ట్రయలే నయం” అన్నాడు.

ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట ఆడేది. చొక్కా మెడ బిగుతైనా, పిన్ని చేతిలో పాలు పొంగిపోయినా, నేను సైకిలు నేర్చుకుంటూ వెళ్ళి మురుక్కాలవలో పడ్డా అదే మాట: “ట్రయల్లో పోయింది లెక్కలోకి రాదు.”

ఇక నా సంగతి. నలుగురు కనిపిస్తే చాలు, నా నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఉప్పు తెమ్మంటే కొట్టుదాకా వెళ్ళి, కొట్టాయన “ఏం కావాలి పాపా?” అనగానే వెనక్కి పరుగెత్తుకొచ్చేదాన్ని. మా ఇంట్లో చప్పిడి కూరలన్నీ నా చలవే. బడిలో ఒకసారి వేదిక ఎక్కించి పద్యం చెప్పమంటే పద్యమే కాదు, నా పేరు కూడా గుర్తురాలేదు. తెర వెనక దాక్కోబోయి తెరతో సహా కిందపడ్డాను. ఆ తర్వాత బడిలో నన్ను ‘తెరపాప’ అనేవాళ్ళు.

నాకు పదేళ్ళప్పుడు బాబాయి ఎక్కడినుంచో ఒక గొర్రెపిల్లను తెచ్చాడు. తెల్లటి ఒళ్ళు, నల్లటి మూతి. వచ్చిన గంటకే అది దుకాణం వెనక, మా పెరటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో కాళ్ళు మడుచుకుని కూర్చుని, పంచాయితీ తీర్చడానికి వచ్చినవాడిలా నిదానంగా నెమరు వెయ్యడం మొదలుపెట్టింది. పిన్ని దానికి ‘పెద్దమనిషి’ అని పేరు పెట్టింది.

పెద్దమనిషి పనులన్నీ నావే. పొద్దున్నే షెడ్డు ఊడ్చి, గడ్డి కోసుకొచ్చి, తవుడులో శనగపొట్టు కలిపి పెట్టేదాన్ని. గిట్టలు పెరిగితే బాబాయి పట్టుకునేవాడు, నేను కత్తిరించేదాన్ని. మనుషులతో రాని మాటలన్నీ వాడితో వచ్చేవి. పెరట్లో నా గొంతు విని, ఎవరో చుట్టాలొచ్చారనుకుని అమ్మ తొంగి చూసేది.

ఏటా పెద్ద మైదానంలో పశుప్రదర్శన జరిగేది. అందులో పిల్లలకు విడిగా ఒక పోటీ. స్వయంగా పెంచిన జీవాన్ని బరిలోకి నడిపించుకొచ్చి, కుదురుగా నిలబెట్టి, జడ్జి అడిగినవాటికి అందరికీ వినబడేలా జవాబు చెప్పాలి. పెద్దమనిషిని లోకానికి చూపించాలని నాకు ప్రాణం కొట్టుకుపోయేది. ‘అందరికీ వినబడేలా’ అన్నచోటే ఆ ప్రాణం గొంతులోకి వచ్చేది.

“నేను రాను బాబాయ్” అన్నాను.

“నిన్నెవరడిగారే అమ్మడూ? ఇక్కడ గొడవ నీది కాదు, వీడిది.” గొంతు తగ్గించాడు. “వీడు ఉత్త పిరికివాడు. జనాన్ని చూస్తే వణికిపోతాడు. నలుగురిలో అలవాటు చెయ్యకపోతే పరువు పోతుంది. నువ్వు పక్కన నిలబడి ధైర్యం చెప్పు, చాలు.”

నేను పెద్దమనిషి వైపు చూశాను. వాడు నములుతున్నాడు.

“వణకట్లేదు కదా?”

“లోపల వణుకుతున్నాడు. పైకి నములుతున్నట్టు నటిస్తున్నాడు. నీకు తెలీదు, నువ్వు ఊరుకో.”

నాకు వాడిమీద ఎక్కడలేని జాలి ముంచుకొచ్చింది. నాలాంటివాడే ఇంకొకడు దొరికాడు! మర్నాటి నుంచి ట్రయల్స్ మొదలయ్యాయి.

జడ్జికి తెల్లకోటు ఉంటుందని బాబాయి తెల్లబట్ట తెచ్చి కోటు కుట్టాడు. చేతులు కచ్చా కుట్టుతో తగిలించి షెడ్డులో దండెం మీద వేశాడు. తెల్లారేసరికి ఎడమచెయ్యి పెద్దమనిషి కడుపులో ఉంది. పిన్ని లబోదిబోమంది. “ట్రయల్లో పోయింది లెక్కలోకి రాదు” అని బాబాయి ఆ ఒంటిచేతి కోటునే జడ్జి కోటు చేశాడు.

మొదట ఆయనే తొడుక్కున్నాడు. తర్వాత పిన్నికి తొడిగాడు. తర్వాత పక్కకొట్టు ఇస్త్రీ ఆయనకి, ఎదుటి మందులకొట్టు ఆయనకి. చుట్టుపక్కలవాళ్ళు అయిపోయాక ఖాతాదార్ల మీద పడ్డాడు. ప్యాంటు చేతికి రావాలంటే ముందు జడ్జి అవ్వాల్సిందే.

“మాస్టారూ, నాకు ఇంటర్వ్యూ ఉంది, ప్యాంటు ఇస్తే వెళ్తాను” అన్నాడు ఒకాయన.

“వెళ్దువుగాని. ముందు మా పెద్దమనిషిని ఇంటర్వ్యూ చెయ్యి.”

పాపం, ఆయన కోటు తొడుక్కుని షెడ్డులోకి వచ్చి గొర్రెను చూసి, “నీ పేరేమిటి? చదువెంతవరకు?” అన్నాడు. కంగారులో తన ప్రశ్నలన్నీ వాడినే అడిగేశాడు.

మొదట్లో నా జవాబులు పెద్దమనిషి చెవికి తప్ప ఎవరికీ వినబడేవి కావు. బాబాయి ఎప్పుడూ నన్ను తప్పుపట్టలేదు. “కాస్త పైకి చెప్పవే. నీ గొంతు వినబడితే వాడికి ధైర్యం” అనేవాడు. వాడి ధైర్యం కోసం కాస్త పైకి చెప్పేదాన్ని. మర్నాడు ఇంకాస్త. పిన్ని కంచాలు మోగిస్తుంటే, వీధి పిల్లలు ఈలలు వేస్తుంటే, ఆ గోలమీదుగా కూడా చెప్పేదాన్ని. పెద్దమనిషి మాత్రం నములుతూనే ఉండేవాడు. “వీడింకా కుదుటపడలేదు. ఇంకో ట్రయల్” అనేవాడు బాబాయి.

కుడిచేత్తో పెద్దమనిషి గడ్డం కింద పట్టుకోవడం, నాలుగు కాళ్ళూ చతురస్రంగా పెట్టించడం, జడ్జికీ గొర్రెకీ మధ్య అడ్డం నిలబడకపోవడం, అన్నిటికీ ట్రయల్ పడింది. ఓడిపోవడానికి కూడా వేయించాడు. బాబాయి చెంబును కప్పులా పట్టుకుని గెలిచినవాడిలా రొమ్ము విరుచుకుని నిలబడేవాడు. నేను వెళ్ళి చెయ్యి కలిపి, “మీ గొర్రె చాలా బాగుందండీ. బాగా పెంచారు” అని నవ్వుతూ చెప్పాలి. ఏడుపుమొహంతో చెబితే మళ్ళీ.

“మరి గెలిస్తేనో?” అని అడిగాను.

“దానికి ట్రయలెందుకే? గెలవడం ఎవరికైనా వచ్చు.”

పోటీ రోజు రానే వచ్చింది. నాన్న బస్సు డ్రైవరు, ఆరోజు డ్యూటీ. బాబాయి, నేను, పెద్దమనిషి అద్దె వ్యానులో వెళ్ళాం. మైదానంలో తాళ్ళు కట్టిన బరి, కింద రంపపు పొట్టు, చుట్టూ జనం. నేను మళ్ళీ వ్యాను వైపు తిరిగాను. వెంటనే పెద్దమనిషి గుర్తొచ్చాడు. పాపం, లోపల వీడెంత వణుకుతున్నాడో! వంగి వాడి చెవిలో, “భయపడకు. అందరూ ఒంటిచేతి కోటువాళ్ళే అనుకో” అన్నాను.

లోపలికి వెళ్ళామో లేదో, లౌడ్‌స్పీకరు కీచుమని అరిచింది. ఒక దూడ చతికిలబడింది. ఒక మేకపిల్ల తాడు తెంపుకుని జనంలోకి దూకింది. ఒక లావుపాటి అబ్బాయిని వాడి గొర్రె బరి పొడుగునా ఈడ్చుకెళ్ళింది. పెద్దమనిషి ఎటూ కదలకుండా, ఇంతకన్నా మా పిన్ని కంచాలే నయం అన్నట్టు చూశాడు.

జడ్జి వచ్చింది. ఆవిడ కోటుకు రెండు చేతులూ ఉండటం చూసి నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. వీపు నిమిరింది, పళ్ళు చూసింది, పేరు అడిగింది, వయసు అడిగింది, ఏం పెడుతున్నావంది. అన్నీ చెప్పాను. వినబడేలాగే చెప్పాను. వెళ్ళిపోతుందనుకుంటే ఆగింది.

“సరే గానీ, నీ గొర్రెలో నీకు నచ్చనిదేమిటి?”

ఈ ప్రశ్నకు ట్రయల్ పడలేదు! నాలుక పాత చోటికి వెళ్ళి అతుక్కుంది. కళ్ళ ముందు బడి తెర ఊగింది. తాడు అవతల బాబాయి కోసం చూశాను. ఆయన మెడలోని టేపును నోట్లో పెట్టుకుని కొరుకుతున్నాడు. మొహంలో నెత్తురు చుక్కలేదు. అటునుంచి ఏ సాయమూ రాదని అర్థమైంది.

చేతిలో ఉన్న గడ్డం మాత్రం కదులుతూనే ఉంది. వాడివైపు తిరిగాను. వాడికి వినబడాలి కదా, గట్టిగానే చెప్పాను.

“వీడికి వెనక కాళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయండీ. నిలబెట్టినప్పుడల్లా సర్దాలి. కోట్లు తింటాడు. అన్నిటికన్నా, వీడు చాలా పిరికివాడండీ. జనమంటే భయం. కానీ నేను పక్కనుంటే నిలబడతాడు.”

“పిరికివాడా?” అంది ఆవిడ, వాడి నమిలే మూతి వైపు చూసి.

“లోపల వణుకుతున్నాడండీ. పైకి తెలీదు.”

ఆవిడ వాడిని చూసింది, నన్ను చూసింది, తాడు అవతల టేపు నములుతున్న మనిషిని చూసింది. నవ్వాపుకుంటూ వెళ్ళిపోయింది.

కాసేపటికి లౌడ్‌స్పీకరులో మొదటి బహుమతి అంటూ నా పేరు వినబడింది. ఇంక నేను ఆలోచించలేదు. ట్రయల్లో నేర్చుకున్నట్టే గబగబా వెళ్ళి, రెండో బహుమతి వచ్చిన లావుపాటి అబ్బాయి చెయ్యి పట్టుకుని ఊపేశాను.

“మీ గొర్రె చాలా బాగుందండీ. బాగా పెంచారు.”

ఒళ్ళంతా రంపపుపొట్టుతో ఉన్న వాడు బిక్కమొహం వేశాడు. “కప్పు నీకొచ్చింది కదా!”

“అయినా సరే, బాగుందండీ.”

ఎంత మర్యాదగల పిల్ల అని జనం చప్పట్లు కొట్టారు. తాడు అవతల బాబాయి నెత్తి కొట్టుకుంటున్నాడు. “అయ్యో, గెలిచే ట్రయల్ వేయించలేదే!”

అంతలో బ్యాండు మొదలైంది. డోలు మోగగానే పెద్దమనిషి నన్ను లాక్కుంటూ పోయి, సరిగ్గా డోలు పక్కన కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. ఎర్రకోటు బ్యాండు మేస్త్రీ వాయించడం ఆపి వంగి చూశాడు.

“ఓరి నువ్వట్రా! మా పెరట్లోనే పుట్టాడమ్మా వీడు. మీ బాబాయి మాకు కోట్లు కుట్టడానికి కొలతలు తీసుకోను వచ్చి, ఏరికోరి వీణ్ణే తీసుకెళ్ళాడు.”

“జనమన్నా చప్పుడన్నా వీడికి భయం కదండీ?”

“వీడికా?” మేస్త్రీ పగలబడి నవ్వాడు. “మేం సాధన చేస్తుంటే హాయిగా నిద్రపోయేవాడు. ఆపితే లేచేవాడు!”

ఇప్పుడు నా ఉద్యోగమే ముక్కూ మొహం తెలియనివాళ్ళను ప్రశ్నలడగడం. ఒక్కోసారి వేదికలూ ఎక్కుతాను. మైకు ముందు నిలబడిన ప్రతిసారీ నా కుడిచెయ్యి ఒక గడ్డం కోసం వెతుక్కుంటుంది. నా తిండి నాకు పెడుతున్నది ఆ రేకుల షెడ్డే. అందులో నిలబడి గొర్రెకు ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను, అన్నాళ్ళూ.

ఆరోజు తిరుగు ప్రయాణంలో వ్యాను వెనక ముగ్గురం కూర్చున్నాం. ఒళ్ళో కప్పు.

“బాబాయ్, వీడికి భయం లేదంట కదా?”

“ఎవరన్నారు?”

“బ్యాండు మేస్త్రీ.”

“పొద్దస్తమానం డోలు కొట్టేవాడికి ఏం వినబడుతుందే? భయమున్నవాళ్ళు పైకి చెప్తారా ఎక్కడైనా? పక్కనున్నవాళ్ళు కనిపెట్టుకోవాలి గానీ.”

“అయితే భయం ఎవరికి?”

“నాకే” అని టేపు చూపించాడు. ముప్పై అంగుళాల దగ్గర అంకెలన్నీ నమిలేశాడు. ఆ తర్వాత చాలాకాలం, సన్ననడుము వాళ్ళందరికీ ఊళ్ళో ప్యాంట్లు జారాయి.

ఇంకేదో అడగబోయాను. అడగనివ్వకుండా సర్దుకు కూర్చున్నాడు.

“సరే, ఇంటికెళ్ళాక మీ నాన్నకి చెప్పాలి కదా. ముందొక ట్రయల్ వేద్దాం. నేను మీ నాన్నని. ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చాను. చెప్పు.”

“నాన్నా, నాకు కప్పొచ్చింది.”

“వ్యాను చప్పుడుకి వినబడలేదు.”

“నాన్నా! నాకు కప్పొచ్చింది!”

తప్పు లేకుండా వస్తే ట్రయల్ అక్కడితో ఆపెయ్యడం ఆయన పద్ధతి. ఆ ట్రయల్ తప్పు లేకుండానే వచ్చింది. అయినా “మళ్ళీ” అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఆయనా అరిచాడు, నేనూ అరిచాను. రోడ్డుమీద సైకిళ్ళవాళ్ళు ఆగి చూశారు. ఇల్లు వచ్చేదాకా ఆయన “మళ్ళీ” అంటూనే ఉన్నాడు.

పెద్దమనిషి దారి పొడుగునా హాయిగా నిద్రపోయాడు. మేం అరవడం ఆపగానే లేచాడు.